ఓడిపోతానని తెలిసిన అభ్యర్థిది నిష్కామకర్మయేనా?

భగవద్గీత ద్వితీయాధ్యాయంలోని 47వ శ్లోకానికి పట్టినంత దురదృష్టం మరే శ్లోకానికీ పట్టలేదు. పరీక్ష తప్పిన విద్యార్థిని ఓదార్చడానికి అదే శ్లోకం. జీతం పెంచమని అడిగిన ఉద్యోగి నోరు మూయించడానికి అదే శ్లోకం. ఎన్నికలలో డిపాజిట్ కోల్పోయిన అభ్యర్థికి గౌరవప్రదమైన నిష్క్రమణమార్గం చూపడానికి కూడా అదే శ్లోకం. ముఖ్యంగా చిన్న పార్టీ తరఫున నిలబడిన వ్యక్తి విషయంలో ఈ దుర్వినియోగం పరాకాష్ఠకు చేరుతుంది. "ఎలాగూ గెలవడు; గెలవనని తెలిసీ నిలబడ్డాడు; ఇంతకు మించిన నిష్కామకర్మ ఏముంది?" అని శ్లాఘించేవారు కొందరు. "గెలవనివాడికి వేసిన ఓటు మురిగిపోతుంది" అని తోసిపుచ్చేవారు మరికొందరు. పైకి పరస్పరవిరుద్ధంగా కనిపించే ఈ రెండు మాటల గర్భంలో ఉన్న భావన ఒక్కటే: విజయం అసంభవమైన చోట ఫలకాంక్షకు తావు లేదు, ఫలకాంక్షకు తావు లేని చోట ఉన్నది ఔదార్యమో మౌఢ్యమో అయి తీరాలి.

ఈ భావన గీతాసమ్మతం కాదు. కాదని చూపడానికి ఉదాహరణ కురుక్షేత్రం నుండే తీసుకోనక్కరలేదు. అమెరికా వాయవ్యకోణంలోని సియాటిల్ నగరంలో 2013వ సంవత్సరంలో జరిగిన సిటీ కౌన్సిల్ ఎన్నిక ఈ విచారణకు అత్యంత అనుకూలమైన క్షేత్రం. అందులో గెలిచిన వ్యక్తి భక్తురాలు కారు, వేదాంతి అసలే కారు, మార్క్సిస్టు. పైగా పదేళ్ల తరువాత ఆమె ప్రతిపాదించిన ఒక శాసనం ప్రవాస హిందూ సమాజంలో తీవ్రమైన కలకలాన్ని రేపింది. కనుకనే ఆ ఉదాహరణ సాధకునికి ఉపయోగపడుతుంది. ఇష్టమైనవారి కర్మలో సత్త్వగుణాన్ని చూడడానికి వివేకం అవసరం లేదు.

ఆమె పేరు క్షమా సావంత్. 1973లో పుణెలో జన్మించి, ముంబయిలో పెరిగి, కంప్యూటర్ సైన్స్ చదివి, అమెరికాకు వెళ్ళి నార్త్ కరోలినాలో అర్థశాస్త్రంలో డాక్టరేట్ పొంది, సియాటిల్ కళాశాలలలో బోధించారు. చేరిన పార్టీ సోషలిస్ట్ ఆల్టర్నేటివ్ అనే అతి చిన్న వామపక్ష సంస్థ. అమెరికాలో రెండు మహాపక్షాల నడుమ అటువంటి సంస్థకు ఉనికే కష్టం. 2012లో ఆమె వాషింగ్టన్ రాష్ట్ర శాసనసభకు పోటీ చేశారు. ప్రత్యర్థి ఆ సభకు స్పీకరుగా ఉన్న ఫ్రాంక్ చాప్. ఓడిపోయారు. మరుసటి ఏడు నగర కౌన్సిల్‌లోని ఒక స్థానానికి మళ్ళీ నిలబడ్డారు. ఈసారి ఎదుట ఉన్నది నాలుగు పర్యాయాలు గెలిచి పదహారేళ్లుగా ఆ పీఠంపై ఉన్న రిచర్డ్ కాన్లిన్.

ఆ నగరపు ఎన్నికల పద్ధతి కొంత తెలుసుకొంటే గాని తరువాతి విచారణ బోధపడదు. సియాటిల్ కౌన్సిల్‌లో తొమ్మిదిమంది సభ్యులు. ఎన్నిక సిద్ధాంతరీత్యా పార్టీరహితం. బ్యాలెట్ పత్రంపై పార్టీ పేరు ఉండదు. ఆగస్టులో జరిగే తొలివిడతలో ఎందరు నిలబడినా, మొదటి ఇద్దరే నవంబరు పోరుకు మిగులుతారు. ఓటు వేసేది తపాలా ద్వారా. ఎన్నికదినం నాటి ముద్ర ఉంటే చాలు, తరువాత చేరిన పత్రాలనూ లెక్కిస్తారు. అందుచేత ఎన్నికల రాత్రి వెలువడేది సగం సత్యం మాత్రమే. నవంబరు 5వ తేదీ రాత్రి సావంత్ స్పష్టంగా వెనుకబడి ఉన్నారు. ఆ రాత్రి చూసి నిద్రపోయినవారికి ఆమె ఓడిన అభ్యర్థి. తరువాతి దినాలలో తపాలా పత్రాలు లెక్కకు వచ్చినకొద్దీ అంతరం కరిగి, చివరకు తిరగబడింది. నవంబరు 15న కాన్లిన్ ఓటమిని అంగీకరించారు. లక్షా ఎనభై వేలకు పైగా పోలైన ఓట్లలో ఆధిక్యం మూడు వేల చిల్లర.

ఇక్కడ ఒక శంక ఉదయిస్తుంది. ఆ పది దినాలలో ఆమెకు ఫలకాంక్ష లేదా? ఉండి ఉంటే ఆ కర్మ సకామం కాలేదా?

అయితే ఈ శంకను అర్జునుని విషయంలోనే మొదట అడగాలి. గాండీవాన్ని ఎత్తమన్న భగవానుడు గెలుపును ఉపేక్షించమని ఎక్కడా అనలేదు. ఏకాదశాధ్యాయంలో విశ్వరూపుడై నిలిచి చెప్పిన మాట శత్రువులను జయించి రాజ్యాన్ని అనుభవించమనే. గెలవాలనే సంకల్పం లేకుండా బాణం వేయడం యోగం కాదు, అలసత్వం. సన్న్యసించవలసింది లక్ష్యాన్ని కాదు. లక్ష్యంపై "నాది" అనే హక్కును, అది సిద్ధించకపోతే "నేను లేను" అనే దైన్యాన్ని. అష్టాదశాధ్యాయంలో సాత్త్విక కర్తకు చెప్పిన లక్షణాలలో సంగరాహిత్యం, అహంకారపు మాటలు లేకపోవడం, సిద్ధి అసిద్ధులలో వికారం పొందకపోవడం ఉన్నాయి. సాధారణంగా ఉపన్యాసాలలో ఇవే వినిపిస్తాయి. వీటి నడుమ మరో రెండు ఉన్నాయి: ధృతి, ఉత్సాహం. ఈ రెండింటినీ విడిచిపెట్టి మిగిలినవాటిని పట్టుకొన్నందువల్లనే నిష్కామకర్మ అంటే నీరసకర్మ అనే అర్థం లోకంలో పాతుకుపోయింది.

అదే అధ్యాయం త్యాగాన్ని మూడుగా విభజించింది. మోహంవల్ల విడిచిపెట్టడం తామసం. శరీరక్లేశానికి భయపడి విడిచిపెట్టడం రాజసం. చేయవలసిన దానిని చేస్తూనే సంగాన్ని, ఫలాన్ని విడిచిపెట్టడం సాత్త్వికం. చిన్న పార్టీల అభ్యర్థులందరినీ ఒకే గాటన కట్టేవారు ఈ విభాగాన్ని స్మరించడం మంచిది. నామినేషన్ వేసి, నాలుగు ఫ్లెక్సీలు కట్టించి, "మనం ఎలాగూ గెలవం" అంటూ ఇంట్లో కూర్చొనే అభ్యర్థులు ప్రతి నగరంలోనూ ఉంటారు. వారిది ఫలత్యాగం కాదు, ప్రయత్నత్యాగం. ఫలం లేదని ముందే నిశ్చయించుకొన్నవాడు ఫలాన్ని త్యజించలేడు. చేతిలో లేని ధనాన్ని దానం చేసినట్లుంటుంది అది.

మరొక సూక్ష్మమైన దోషం కూడా ఉంది. ఓటమినే భూషణంగా ధరించేవారుంటారు. "లోకం నన్ను గుర్తించలేదు, లోకానికి అర్హత లేదు" అనే భావం విజేత దర్పం కంటే తక్కువ అహంకారమేమీ కాదు. విజేత అహంకారానికి కనీసం తరువాతి ఎన్నిక ఔషధంగా పనిచేస్తుంది. ఓడినవాని పవిత్రతాభిమానానికి మందు దొరకదు. ప్రతి పరాజయమూ దానికి మరింత పుష్టినిస్తుంది. చిన్న పార్టీలు చీలి, ఆ చీలికలు మళ్ళీ చీలి, చివరకు ఇద్దరు సభ్యులతో మూడు అభిప్రాయాలతో మిగలడానికి మూలం తరచుగా ఇదే.

ఇక అసలు విషయానికి రావాలి. గీత 18వ అధ్యాయంలో ఏ కర్మ సిద్ధించాలన్నా అయిదు హేతువులు చెప్పబడ్డాయి: అధిష్ఠానం, కర్త, కరణాలు, వివిధ చేష్టలు, అయిదవది దైవం. శంకరభగవత్పాదులు అధిష్ఠానమంటే శరీరమని, దైవమంటే ఇంద్రియాలకు అధిష్ఠాతలైన ఆదిత్యాది దేవతలని వ్యాఖ్యానించారు. రామానుజులు ఆ అయిదవ హేతువును అంతర్యామియైన పరమాత్మగా గ్రహించారు. నగర ఎన్నికకు ఈ పంచకాన్ని అన్వయించడం భాష్యకారుల అభిప్రాయానికి విస్తరణమే గాని యథాతథ వ్యాఖ్య కాదు. అయినా తరువాత చెప్పిన మాటకు ఈ అన్వయం చక్కగా సరిపోతుంది: అయిదు హేతువులుండగా కేవలం తననే కర్తగా చూసేవాడు యథార్థాన్ని చూడడం లేదు.

సావంత్ ప్రచారానికి కేంద్రం ఒక సంఖ్య: గంటకు పదిహేను డాలర్ల కనీస వేతనం. అప్పటికి అమెరికా దేశవ్యాప్త కనీస వేతనం 7.25 డాలర్లు, వాషింగ్టన్ రాష్ట్రంలో తొమ్మిది డాలర్ల పైచిలుకు. పదిహేను అనే సంఖ్యను ఆమె సృష్టించలేదు. 2012 నవంబరులో న్యూయార్క్ ఫాస్ట్‌ఫుడ్ దుకాణాల కార్మికులు పని ఆపి వీధిలో నిలబడి అడిగిన సంఖ్య అది. 2013లో ఆ సమ్మె సియాటిల్‌కు పాకింది. విమానాశ్రయం ఉన్న పొరుగు పట్టణం సీటాక్‌లో అదే నవంబరులో పదిహేను డాలర్ల ప్రతిపాదన ప్రజల ఓటుకు వచ్చి, కేవలం 77 ఓట్ల తేడాతో నెగ్గింది. సియాటిల్ మేయరు పదవికి పోటీ చేసి గెలిచిన ఎడ్ ముర్రే కూడా పదిహేనును సమర్థించారు. తరువాత వ్యాపారులు, కార్మికసంఘాల ప్రతినిధులతో ఆయన ఒక సమితిని నియమించారు. సావంత్ అందులో ఒక సభ్యురాలు మాత్రమే. సమితి సూచించిన రాజీని ఆధారంగా చేసుకొని 2014 జూన్ 2న కౌన్సిల్ ఏకగ్రీవంగా శాసనం చేసింది. పెద్ద సంస్థలకు మూడేళ్లలో, చిన్నవాటికి మరింత నిదానంగా, 2021 వరకు, వేతనం పెరిగేలా మెట్లు కట్టారు. ఆ మెట్లను తగ్గించాలని సావంత్ సవరణలు ప్రతిపాదించారు; అవి వీగిపోయాయి. వీగిపోయిన తరువాత అసలు శాసనానికి అనుకూలంగా ఓటు వేశారు.

ఈ శాసనానికి కర్త ఎవరు? వీధిలో నిలబడి ఆనాటి కూలిని పోగొట్టుకొన్న కార్మికుడా? మేయరా? సమితిలో రాజీకి ఒప్పుకొన్న హోటలు యజమానియా? తపాలాపెట్టెలో ఆలస్యంగా పత్రం వేసిన ఓటరా? సావంత్ అనుచరులు ఆమెయే అంటారు. మేయరు పక్షీయులు మేయరే అంటారు. కార్మికసంఘాలు తామే అంటాయి. ఎవరి మాటలోనూ పూర్తి అసత్యం లేదు; ఒక్క హేతువును పట్టుకొని నాలుగింటిని మరచిపోవడమే దోషం. చిన్న పార్టీ అభ్యర్థికి ఈ విషయంలో ఒక విచిత్రమైన ఆనుకూల్యం ఉంది. పెద్ద పార్టీ అభ్యర్థికి ధనం, యంత్రాంగం, వారసత్వం అన్నీ ఉండడంచేత, ఫలం తన చేతిలోనే ఉన్నదనే భ్రాంతి సులభంగా కలుగుతుంది. ఏమీ లేనివాడికి ఆ భ్రాంతికి అవకాశం తక్కువ. తాను అయిదింటిలో ఒక్కటి మాత్రమేనని అతనికి ప్రతి ఉదయం ప్రతి గడపా గుర్తుచేస్తుంది. ఆ ఒక్కదానిని లోపం లేకుండా సమకూర్చడం వరకే అతని అధికారం. 47వ శ్లోకంలోని "అధికారం" అనే పదానికి ఇంతకంటె స్పష్టమైన దృష్టాంతం వెతికినా దొరకదు. విజయాశ పెట్టుకోవద్దని దాని అర్థం కాదు. తన వాటా ఎక్కడ ముగుస్తుందో ఎరగమని.

ఇక ఓటరు పక్షం. "ఓటు మురిగిపోతుంది" అనేవారిని ఫలాసక్తులని నిందించడం భక్తబృందాలలో తరచుగా వినిపించే మాట. ఈ నింద తొందరపాటు. తామస కర్మకు గీత చెప్పిన లక్షణమేమిటి? ముందు రాబోయే పర్యవసానాన్ని, కలిగే నష్టాన్ని, ఇతరులకు జరిగే హింసను, తన సామర్థ్యాన్ని లెక్కించకుండా మోహంతో ఆరంభించడం. అంటే పర్యవసానాన్ని ఆలోచించడం ఫలాసక్తి కాదు, కర్తవ్యంలోనే భాగం. తన ఓటు ఓట్లను చీల్చి అధమునికి పట్టం కడుతుందేమోనని ఒక గృహస్థుడు వెనుకాడితే, ఆ వెనుకాడడంలో ధర్మచింతన ఉంది. అధిక ఓట్లు వచ్చినవాడే గెలిచే మన నగరాల పద్ధతిలో, హైదరాబాదులోని ఏ డివిజన్‌లోనైనా, ఈ భయానికి ఆస్కారం ఉంటుంది. సియాటిల్‌లో చివరి విడతకు ఇద్దరే మిగలడంచేత ఈ ప్రశ్న చాలావరకు అణగిపోయింది. ఆగస్టు తొలివిడతలో ముగ్గురు నిలబడగా సావంత్‌కు సుమారు 35 శాతం ఓట్లు వచ్చాయి. నవంబరులో ఓటరు ముందు ఉన్న ప్రశ్న "ఈయనా, ఈమెనా" అన్నది మాత్రమే. వ్యవస్థ మారితే ఓటరు ధర్మసంకటం కూడా మారుతుంది. అది తెలియక, ఎక్కడైనా ఎప్పుడైనా చిన్న పార్టీకి వేయడమే సాహసమని, లేదా మూర్ఖత్వమని, సార్వత్రిక సూత్రం చెప్పేవారు దేశకాలాలను గణించని వైద్యుల వంటివారు.

గెలిచిన తరువాతిది అంతకంటె కఠినమైన పరీక్ష. సియాటిల్ కౌన్సిల్ సభ్యుని వార్షిక వేతనం అప్పటికి సుమారు లక్షా పదిహేడు వేల డాలర్లు. సావంత్ తాను నలభై వేలు, అంటే ఒక సామాన్య కార్మికుని సగటు ఆదాయం మాత్రమే, తీసుకొంటానని, మిగిలినది ఉద్యమాల సహాయనిధికి ఇస్తానని ప్రకటించారు. ఇది ఆమె పార్టీ నియమం కూడా. ఇటువంటి నియమం అధికారంలో ఉన్నవారిలో ఎంత దుర్లభమో చెప్పనక్కరలేదు. ధర్మోపదేశం చేసే పీఠాలలో సైతం సులభంగా కనిపించదు. దీనిని మెచ్చుకోవడానికి సంకోచించేవారి సంకోచం వేదాంతంనుండి పుట్టింది కాదు.

అయినా విచారణ ఇక్కడ ఆగదు. విడిచిన ధనం తన ఉద్యమానికే చేరుతున్నప్పుడు అది త్యాగమా, మమకారానికి విస్తరణా? వ్యక్తి తన శరీరంనుండి "నేను"ను తొలగించి సంఘానికి అంటించినప్పుడు అహంకారం నశించిందా, పెద్దదయిందా? ఈ ప్రశ్న మార్క్సిస్టుకు మాత్రమే కాదు, ఆశ్రమానికి ఆస్తి రాసిచ్చిన భక్తునికీ వర్తిస్తుంది. "నాకేమీ వద్దు, నా గురువుకు, నా సంప్రదాయానికి కీర్తి కావాలి" అనేవాని హృదయంలో "నా" అనే శబ్దం ఎన్నిసార్లు పలుకుతున్నదో అతడే లెక్కించుకోవాలి. లోకసంగ్రహం అనే గీతాశబ్దానికి గురి లోకం, పక్షం కాదు. ఏ పక్షమైనా తానే లోకమని భావించే క్షణం ఒకటి వస్తుంది. అక్కడినుండి పతనం ఎక్కువ దూరం ఉండదు.

సావంత్ రాజకీయంలో అత్యంత వివాదాస్పదమైన అంశం ఆమె భాష. పెద్ద సంస్థలపై, వాటి పక్షాన నిలిచినవారిపై, కొన్నిసార్లు తోటి సభ్యులపై కూడా, ఆమె మాటలో నిప్పు ఉంటుంది. పేరు క్షమ కావడం ఒక పరిహాసమని ప్రత్యర్థులు అనుకొని ఉండవచ్చు. కాని షోడశాధ్యాయంలో దైవీసంపత్తిని పేర్కొనేటప్పుడు తేజస్సు, క్షమ, ధృతి పక్కపక్కనే నిలబడతాయి. తేజస్సు లేని క్షమ పిరికితనానికి మారుపేరు. ఋగ్వేద దశమమండలం మన్యువును, అంటే ధర్మావేశాన్ని, దేవతగానే స్తుతించింది. రెండు సూక్తాలే ఆయనకు ఉన్నాయి. కాబట్టి ఆవేశమే దోషమని వైదికుడు చెప్పలేడు. మన్యువుకూ, తృతీయాధ్యాయంలో మహాశత్రువుగా చెప్పబడిన క్రోధానికీ భేదం ఎక్కడ? కామం అడ్డగించబడితే పుట్టేది క్రోధం. పరుల దుఃఖం చూసి లేచేది మన్యువు. రెండూ ఒకే కంఠంలోనుండి ఒకే వాక్యంలో వెలువడగలవు. అదే చిక్కు. 2019లో ఆమె మూడవసారి పోటీ చేసినప్పుడు నగరంలోని మహాసంస్థ అమెజాన్ కౌన్సిల్ ఎన్నికలను ప్రభావితం చేయడానికి దాదాపు పదిహేను లక్షల డాలర్లు వెచ్చించింది. ఆ రాత్రీ ఆమె వెనుకబడే ఉన్నారు. మళ్ళీ తపాలా పత్రాలే గెలిపించాయి. ధనబలంపై ఆమె కోపానికి అక్కడ ఆధారం ఉంది. కాని 2021 డిసెంబరులో ఆమెను పదవినుండి తొలగించాలనే ప్రత్యేక ఓటు జరిగినప్పుడు ఆమె నిలిచింది 310 ఓట్ల తేడాతో మాత్రమే. ఆమెకు వ్యతిరేకంగా ఓటు వేసిన వేలాదిమంది ధనవంతులే కారు. పక్కింటివారిలో సగం మంది వద్దనుకొంటున్నారంటే ఆ ఆవేశంలో మన్యువు ఎంత, క్రోధం ఎంత అని ఏ కర్మయోగియైనా రాత్రిపూట తనను తాను ప్రశ్నించుకోవలసి ఉంటుంది.

2023 ఫిబ్రవరి 21వ తేదీన సియాటిల్ కౌన్సిల్ ఆమె ప్రతిపాదనపై 6–1 ఓట్లతో, కులవివక్షను స్పష్టంగా నిషేధించే శాసనాన్ని ఆమోదించింది. అమెరికా నగరాలలో ఇదే మొదటిది. హిందూ అమెరికన్ ఫౌండేషన్ వంటి సంస్థలు తీవ్రంగా వ్యతిరేకించాయి. ఒక్క సమాజాన్నే ముందుగా అనుమానితునిగా నిలబెట్టడం అన్యాయమని, ఉన్న చట్టాలే చాలునని వారి వాదం. దళిత సంఘాలు, అంబేడ్కర్‌వాదులు, కొందరు హిందువులు కూడా సమర్థించారు. కార్యాలయాలలో, అద్దె ఇళ్ల విషయంలో ఎదురైన అవమానాలు చట్టభాషలో పేరు లేక మరుగున పడుతున్నాయని వీరి వాదం. సియాటిల్ పరిసరాలలో తెలుగు కుటుంబాలు విస్తారంగా ఉన్నాయి. వాటిలో అనేకం సరస్సుకు ఆవలి రెడ్మండ్, బెల్‌వ్యూ, సమామిష్ వంటి వేరే పట్టణాలలో నివసిస్తాయి. ఆ శాసనం వారి ఇంటి గడపకు వర్తించదు, ఆ కౌన్సిల్‌కు వారికి ఓటూ లేదు. అయినా వాట్సాప్ బృందాలలో చర్చ అక్కడే ఎక్కువ మండింది. దుఃఖానికి పట్టణపు సరిహద్దులు ఉండవు గనుక అందులో వింత లేదు.

వింత మరొకచోట ఉంది. శాసనంపై వచ్చిన విమర్శలో గణనీయమైన భాగం శాసనంపై కాక వ్యక్తిపై సాగింది. కమ్యూనిస్టు, హిందూద్వేషి, ఊరూ పేరూ లేని పార్టీ. ఆ శాసనపు పదాలలో లోపముంటే, ఒక సమాజాన్ని అకారణంగా వేలెత్తి చూపుతుంటే, దానిని ఖండించడానికి పూర్తి అధికారం ఉంది, ఖండించాలి కూడా. కాని ఆ ఖండనకు ప్రతిపాదించినవారి పార్టీ పరిమాణం హేతువు కాజాలదు. తర్కశాస్త్రం చదివిన సంప్రదాయంలో పుట్టినవారు వాదానికి సమాధానం చెప్పక వాదిని దూషించడం ఎంత చిన్నతనమో చెప్పాలా? మనీషాపంచకం ఉద్భవించిన సన్నివేశాన్ని ప్రతి సంవత్సరం శంకరజయంతి నాడు వింటూ, కాశీవీధిలో దారి తొలగమన్నప్పుడు చండాలుడు వేసిన ప్రశ్నకు ఆచార్యులు ఏమి చేశారో స్మరిస్తూ ఉన్నవారు, ప్రశ్న అసౌకర్యమైన నోటినుండి వచ్చినంతమాత్రాన దానిని ప్రశ్న కాదనలేరు. ఆచార్యులు అడిగినవాని వంశాన్ని విచారించలేదు; ప్రశ్నను విచారించారు.

అదే కొలత ఎదుటిపక్షానికీ పెట్టవలసి ఉంటుంది. వ్యతిరేకించిన హిందువులందరినీ ఛాందసులుగా, మితవాదులుగా ఒకే ముద్ర వేసి పక్కన పెట్టడం కూడా హేత్వాభాసమే. వారిలో తమ పిల్లలు బడిలో ఏ ప్రశ్నలు ఎదుర్కొంటారోనని నిజంగా కలవరపడిన తల్లిదండ్రులు ఉన్నారు. సమత్వం కోసం చేసిన శాసనాన్ని సమదృష్టి లేని భాషతో సమర్థించడంవల్ల, ఆ తల్లిదండ్రులను ఒప్పించే అవకాశం జారిపోయింది. గీతలో సాత్త్విక కర్తకు మాటల విషయంలో ప్రత్యేకంగా నియమం పెట్టడం నిష్కారణం కాదు.

సావంత్ 2023లో మళ్ళీ పోటీ చేయలేదు. ఆ సంవత్సరాంతంతో దశాబ్దకాలపు పదవి ముగిసింది. ఆ స్థానంలో మరొకరు ఎన్నికయ్యారు. ఆమె ఇతర ప్రతిపాదనలలో అనేకం నెరవేరలేదు. కొన్ని వీగిపోయాయి, కొన్ని తరువాత తిరగదోడబడ్డాయి. కనీస వేతనం మాత్రం ధరల సూచీతోపాటు ఏటేటా పెరుగుతున్నది. 2025లో సియాటిల్‌లో అది గంటకు 20.76 డాలర్లుగా ఉండేది. తెల్లవారుజామున కాఫీదుకాణం తలుపు తెరిచే పనివానికి వారం చివర వచ్చే జీతపు చీటీలో ఆ పెరిగిన అంకె ఉంటుంది. సమ్మెలో నిలబడినవారి పేరు గాని, సమితిలో రాజీ కుదిర్చినవారి పేరు గాని, 2013లో గెలవదనుకొన్న అభ్యర్థి పేరు గాని అందులో ఉండదు.